పెద్దామె బుస, చిన్నామె వంత

కాదు అనే మాట చిన్నామె కడుపులో పుట్టేది గానీ, పెదవుల దాకా వచ్చేసరికి "ఆఁ" అయిపోయేది. కూరగాయలమ్మే మనిషి పుచ్చు వంకాయలు సంచిలోకి జారవిడుస్తూ "లేతవమ్మా" అంటే "ఆఁ, లేతవే" అనేది. ఆమె పనిచేసే దర్జీ షాపులో కటింగ్ మాస్టారు తను వంకరగా కత్తిరించిన గుడ్డకి ఆమె మీద కేకలేస్తే "ఆఁ, నేనే చూసుకోలేదు" అనేది. ఇంట్లో సరేసరి, మొగుడు తానా అంటే ఆమె తందానా. చుట్టాలందరూ దీన్ని మెతకతనం అన్నారు. కొంత నిజమే. కానీ అసలు సంగతి వేరు. ఆమె వంత పాడే మనిషి. బతుకంతా వంత పాడిన మనిషికి ఎదురు చెప్పడం ఎక్కణ్ణుంచి వస్తుంది?

వంత అంటే మాటవరసకి అనే వంత కాదు, నిజం వంత. ఆమె, ఆమె తోడికోడలు కలిసి పాడేవాళ్లు. ఒకే ఇంటి అన్నదమ్ముల్ని చేసుకుని, ఒకే వంటింట్లో పడి, మొదటి ఏడాదంతా ఒకరి మొహం ఒకరు చూడకుండా గడిపిన ఇద్దరు. అత్తగారికి మరపట్టించిన పిండి నచ్చేది కాదు, తిరగలి పిండే కావాలి. తిరగలికి పిడి ఒకటే, దాన్ని పట్టుకోవలసిన మనుషులు ఇద్దరు. మాటా మంతీ లేకుండా ఎంతసేపని తిప్పుతారు? ఒకరోజు పెద్దకోడలు పుట్టింటి ముసలమ్మల దగ్గర విన్న పాట ఒకటి ఎత్తుకుంది. చిన్నకోడలు ఉండబట్టలేక వెనక అందుకుంది. మాట్లాడుకోని వాళ్లు అలా పాడుకోవడం మొదలుపెట్టారు. పై వాటాలో అద్దెకున్న రేడియో స్టేషన్ ఆఫీసరు మెట్ల మీద నిలబడి విన్నాడు. ఇంక చెప్పేదేముంది, "కోడళ్ల జంట" అని పేరు పడిపోయింది.

అప్పట్లో ఆ పాటలంటే జనానికి నామోషీ. దంపుడు పాటలు, తిరగలి పాటలు, పిల్లల్ని జోకొట్టే పాటలు, అన్నీ ముసలివాళ్లతో పాటే వెళ్లిపోతున్న రోజులు. ఈ ఇద్దరూ భుజాన సంచీ తగిలించుకుని బస్సులెక్కారు. ఇటుక బట్టీల దగ్గర, నూలు మిల్లు గేటు దగ్గర, బావుల దగ్గర ఆడవాళ్లని బతిమాలుకుని పాటలు నేర్చుకొచ్చారు. క్యాసెట్లు వచ్చాయి. తిరగలి మొహం చూడని కాలేజీ పిల్లలు కూడా తిరగలి పాటలు కూనిరాగాలు తీశారు. ఇంట్లో వాళ్లని పెద్దామె, చిన్నామె అని పిలిచేవాళ్లు. చివరికి క్యాసెట్ల అట్టల మీద కూడా అవే పేర్లు పడ్డాయి.

ఇన్నేళ్లకి ఒక కంపెనీ ఆ పాటలన్నీ ఏరి, శుభ్రం చేసి, పెట్టెడు డిస్కులుగా తెస్తానంది. పెట్టె మీద "కోడళ్ల జంట: మొదటి నుంచి చివరిదాకా" అని వేస్తారట. ఆ "చివరిదాకా" అన్న మాట విన్నప్పటినుంచే చిన్నామెకి మనసు మనసులో లేదు. పైగా పాటలు విని ఒప్పుకోవలసిన పని ఆమె నెత్తిన పడింది.

"నువ్వెళ్లి వినవే. నువ్వు సరే అంటే నేనూ సరే," అంది పెద్దామె గుసగుసగా. గుసగుస ఎందుకంటే ఆమెకి మిగిలింది అదే. గొంతులో తీగల మీద గడ్డ లేస్తే డాక్టర్లు గడ్డతోపాటు తీగల్ని కూడా తీసేశారు. ప్రాణం దక్కింది. మాట ఊపిరిలో కలిసి కొద్దిగా మిగిలింది. పాట పోయింది.

అలా చిన్నామె మొట్టమొదటిసారి రికార్డింగు గదిలో ఒక్కతే కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. సౌండ్ ఇంజనీరు మంచివాడే. కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు, హెడ్‌ఫోన్లు పెడుతూ ఆమె జడపిన్ను గుచ్చుకోకుండా సర్దాడు.

"టేపులు బాగా పాడైపోయాయమ్మా. ఒకటే గరగర, బుసబుస. మొత్తం తీసేశాను. ఇప్పుడు వినండి, అద్దంలా ఉంటుంది."

మొదటిది తలుపు పాట. కోడళ్ల జంట అనగానే జనానికి గుర్తొచ్చేది అదే. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, బయట ఏదో అలికిడి. ముందు గొంతు భయపడి అడుగుతుంది, వెనక గొంతు ధైర్యం చెబుతుంది.

*ఎవరే ఎవరే వాకిట్లో అలికిడి?*
*గాలే వదినా గాలే, గడియ తీయకు.*

తరువాతి చరణంలో గాజుల చప్పుడు, ఆ తరువాత దగ్గు, ఆ తరువాత తలుపు మీద తట్టుడు. అన్నిటికీ వెనక గొంతు గాలే గాలే అంటుంది. ఆ వెనక గొంతు చిన్నామెది.

పాట మొదలవగానే ఆమె ఉలిక్కిపడింది. పెద్దామె గొంతు, తను అక్కా అని పిలిచే మనిషి గొంతు, ఊడిపడ్డట్టు వచ్చి చెవిలో పడింది. అలవాటు కొద్దీ చిన్నామె పెదవులు కదిలాయి గానీ, వేళకి కదల్లేదు. హెడ్‌ఫోన్లో తన పాత గొంతు చక్కగా అందుకుంటోంది, కుర్చీలో కూర్చున్న తను మాత్రం దానికి వెనకబడిపోతోంది. రెండో పాటా అంతే. మూడోదీ అంతే. వయసు మీదపడి తన బుర్ర మొద్దుబారిందేమో అనుకుంది. ఏదో తక్కువయింది. రోజూ వినే గోడ గడియారం ఆగిపోతే గది ఎలా ఉంటుందో అలా ఉంది.

నాలుగో పాటలో తెలిసింది. ఊపిరి లేదు.

పెద్దామెకి ముందు పళ్ల మధ్య సందు. పాట ఎత్తుకునే ముందు, చరణానికీ చరణానికీ నడుమ, ఆ సందులోంచి గాలి లోపలికి పీల్చేది. "స్‌స్‌స్" మని వినపడేది. ఆ ఊపిరిని బట్టి చిన్నామెకి అన్నీ తెలిసిపోయేవి. పాట ఎంత ఎత్తున మొదలవుతుందో, నడక ఎంత జోరో, అక్కకి ఇవాళ ఎవరి మీద కోపమో కూడా. చిన్నామె ఏనాడూ తాళం లెక్కపెట్టలేదు. అక్క ఊపిరి వినడం, వెనక అందుకోవడం. ఆమెకి వచ్చిన సంగీతం అంతే. ఇప్పుడు ఆ ఊపిరి ప్రతి పాటలోంచీ గరగరతో పాటు తుడిచిపెట్టుకుపోయింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"ఆఁ, బాగుంది బాబూ."

అనేసింది! పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇంజనీరు ఆమె ఎదురుగానే కంపెనీకి ఫోను చేసి "అమ్మగారు ఓకే అన్నారండీ" అని చెప్పేశాడు. వినడానికి ఒక డిస్కు కవర్లో పెట్టి ఇచ్చాడు.

"రేపు సాయంత్రం ఇవన్నీ అచ్చుకి పంపేస్తానమ్మా. ఈలోగా ఏమన్నా మార్పుంటే ఫోన్ చేయండి. షట్టర్ దించి బయల్దేరానంటే ఇంక నా చేతుల్లో ఏమీ ఉండదు."

"ఆఁ," అంది చిన్నామె.

బస్సులో దారంతా "అది కాదు బాబూ, అది కాదు బాబూ" అని గొణుక్కుంటూ వచ్చింది. పక్క సీటావిడ జరిగి కూర్చుంది. వెనక్కి వెళ్లి చెబితే? ఏమని చెప్పాలి? అతను పాపం రోజుల తరబడి కూర్చుని తీసిన చెత్తని మళ్లీ పొయ్యమనాలా? ఎందుకమ్మా అని అడిగితే? అది లేకపోతే నాకు పాట రాదు బాబూ అని ఆ వయసు కుర్రాడి ముందు ఒప్పుకోవాలా? ఆలోచించేకొద్దీ బస్సు ఇంటికి దగ్గరవుతోంది. చిన్నామెకి ఒక్క ఆశే మిగిలింది. అక్క వింటుంది, అక్కకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది, "ఎవడ్రా తీసింది నా ఊపిరి" అని రంకె వేస్తుంది, అంటే రంకె వేసినంత పని చేస్తుంది. అప్పుడు అక్క వెనక నిలబడి తను వంత పాడితే సరిపోతుంది. కాదనడానికి కూడా వంతే దిక్కు!

అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇంటికి నడిమధ్యన గోడ లేచింది. ఆ గోడలో ఒక తలుపు ఉండాలని కోడళ్లిద్దరూ పట్టుబట్టారు. సరిగ్గా చెప్పాలంటే పెద్దామె పట్టుబట్టింది, చిన్నామె ఆఁ అంది. తరువాత పెద్దామె భర్త పోయాడు, కూతురు ఉద్యోగానికి పోతుంది, పగలంతా పెద్దామె ఒక్కతే. ఆపరేషన్ తరువాత కేకేసి పిలిచే గొంతు లేక, ఆ తలుపు మీద ఉంగరంతో టకటకమని కొట్టేది. ఇవతల చిన్నామె గడియ తీసేది.

ఆ రోజు చిన్నామె వచ్చేసరికి తలుపు తీసే ఉంది. పెద్దామె డిస్కు అందుకుని పెట్టింది. చిన్నామె గోడకి ఆనుకుని నిలబడి అక్క మొహమే చూస్తోంది. తలుపు పాట మొదలైంది. పెద్దామె కనుబొమలు ముడిపడ్డాయి. హమ్మయ్య, అనుకుంది చిన్నామె. ముడిపడిన కనుబొమలు విడిపోయాయి. మొహం వెలిగింది.

"బుస లేదే!" అంది పెద్దామె, రెండు చేతులూ చెంపలకి ఆనించుకుని.

చిన్నామెకి మిగిలిన ఆ ఒక్క ఆశా పోయింది.

బుస అనే పేరు రేడియో ఆఫీసరు పెట్టింది. మొదటి రికార్డింగు నాడు మైకు ముందు పెద్దామె ఊపిరి తీసుకోగానే ఆయన అద్దం అవతలనుంచి పరుగెత్తుకొచ్చి, వాద్యగాళ్లందరి ఎదుటా "ఏమిటమ్మా ఆ బుస? పాడటానికి వచ్చారా, కాటెయ్యడానికా?" అన్నాడు. అందరూ తలొంచుకున్నారు. చిన్నామె కిసుక్కున నవ్వింది. ఆ రాత్రి పెద్దామె అన్నం తినలేదు. సామెత ఉండనే ఉంది కదా, మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకని. ఆ తరువాత పెద్దామె చేతిరుమాలు అడ్డం పెట్టుకుని చూసింది, మొహం పక్కకి తిప్పి చూసింది, ఒకసారి ముక్కుతో ఊపిరి తీయబోయి పాట మధ్యలో ఉక్కిరిబిక్కిరయి దగ్గుతో చరణం ముగించింది. ఏం చేసినా ఆ బుస పోలేదు. ఎన్ని చప్పట్లు విన్నా ఆమెకి ఆ ఒక్క మాట మాత్రం చెవిలో గుచ్చుకునే ఉంది.

"చూశావా? ఎంత నాజూగ్గా ఉందో! ఆ పిల్లాడెవరో చల్లగా ఉండాలి," అని గుసగుసలాడి, పెద్దామె తోడికోడలి వైపు తిరిగింది. "బాగుంది కదే?"

"ఆఁ, బాగుందక్కా."

రెండోసారి!

ఇప్పుడు కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అక్క సంతోషం చూస్తే నోరు రాదు. నోరు మూసుకుంటే రేపు సాయంత్రం షట్టర్ దిగుతుంది. చిన్నామె ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లి, తెల్లారగానే మొగుడి దగ్గరికి పోయింది. ఆయన బస్ డిపోలో పనిచేసి రిటైరయిన మనిషి. పేపరుంటే ప్రపంచంతో పనిలేదు.

"ఏమండీ, ఒకసారి సరే అన్నాక మళ్లీ కాదనొచ్చా?"

ఆయన పేపరు దించి కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఎవరు? నువ్వా? ముందు నా మీద ప్రాక్టీసు చెయ్యి. ఇవాళ టీ పెట్టనని చెప్పు చూద్దాం."

చిన్నామె వెళ్లి టీ పెట్టింది.

దర్జీ షాపులో ఆమె పని కాజాలు, అంటే బొత్తాల రంధ్రాలు కుట్టడం. కటింగ్ మాస్టారు కత్తిరిస్తాడు, మిషన్ మీద వాళ్లు కుడతారు, అన్నీ అయ్యాక బట్ట చిన్నామె దగ్గరికి వస్తుంది. కాజాకి ముందు గుర్తు పెట్టాలి, తరువాత బ్లేడుతో చీలిక పెట్టాలి, ఆ చీలిక చుట్టూ దారం అల్లాలి. మగవాళ్ల చొక్కాకి కాజాలు ఎడమ పక్క వస్తాయి. ఈ సంగతి ఆమె చేతులకి కళ్లు మూసుకున్నా తెలుసు. అలాంటిది ఆ మధ్యాహ్నం, కొత్త తెల్ల చొక్కాకి కుడిపక్క వరసగా మూడు చీలికలు పెట్టేసింది. నాలుగోదానికి బ్లేడు ఆనించాక చూసుకుంది.

మాస్టారు చొక్కా ఎత్తి వెలుతురులో చూశాడు. మూడు చీలికల్లోంచీ వీధి కనిపించింది.

"ఏంటి చిన్నమ్మగారూ ఇది! ఎప్పుడన్నా ఇలా చేశారా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? కుట్టయితే విప్పుకుంటాం. కోతని ఎట్లా విప్పుతాం?"

"ఆఁ," అంది చిన్నామె. కానీ మాస్టారు ఆ కోత మాట చొక్కా గురించి అన్నట్టు ఆమెకి వినపడలేదు. గోడ మీద గడియారం సాయంత్రం వైపు నడుస్తోంది. అచ్చయిపోయాక అదీ కోతే. అక్క పాట ఎటూ పోయింది. రేపో మాపో అక్కా పోతుంది, తనూ పోతుంది. ఎప్పుడో ఎవరో ఆ పెట్టె తెరిచి డిస్కు పెట్టుకుంటే అందులో అక్క పాడుతూనే ఉంటుంది, ఒక్కసారైనా ఊపిరి తీసుకోదు. ఊపిరి తీసుకోని మనిషి పాట వినడానికి ఎట్లా ఉంటుంది? ఇంకో భయం కూడా ఉంది, అది స్వార్థమని ఆమెకి తెలుసు. అక్క లేని రోజున తను ఆ పాటలు పెట్టుకుని కూర్చుంటే, అందుకో అని తనకి ఎవరు చెబుతారు?

చిన్నామెకి ఏడుపొచ్చింది. సూది దిండుకి గుచ్చి లేచింది.

"మాస్టారూ, నేను ఇంటికి పోవాలి."

"మరి ఈ చొక్కా?"

"ఆ పక్క ముక్క మార్చి కుట్టాలి. రేపొచ్చి నేనే దగ్గరుండి చేస్తాను. ఇప్పుడు మాత్రం పోవాలి."

ఇన్నేళ్లలో ఆమె "వెళ్లనా?" అని అడగడం తప్ప "పోవాలి" అనడం మాస్టారు వినలేదు.

ఇంటికైతే వచ్చింది గానీ, మధ్య తలుపు గడియ తీయలేకపోయింది. తలుపు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. అక్కకి కోపమొస్తే? వస్తే రానీ. అక్క ఏడిస్తే? ఒకసారి తను నవ్విన నవ్వుకే ఇన్నేళ్లు కుమిలింది. ఇప్పుడు ఆ బుసని పనిగట్టుకుని అచ్చేయించమంటే, వెక్కిరింపు అనుకోదూ?

అవతలనుంచి టకటకమని ఉంగరం చప్పుడైంది.

చిన్నామె కదల్లేదు. ఊపిరి బిగపట్టింది. గాలే, గాలే, గడియ తీయకు, అని తనకి తనే చెప్పుకుంది. మళ్లీ టకటకమంది. ఈసారి గట్టిగా. గాలి అంత గట్టిగా తలుపు కొట్టదు. లేచి గడియ తీసింది.

పెద్దామె తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని ఉంది. డిస్కు ముందుగానే పెట్టి ఉంచింది.

"ఎంతసేపే కొట్టేది? రా, కూర్చో. పొద్దుణ్ణుంచి నాలుగుసార్లు విన్నాను," అంది గుసగుసగా, చిన్నపిల్లలా. "ఒక్కదాన్నే వింటే తృప్తిగా లేదు. నా గొంతు అందులో ఉంది. నీది నీ దగ్గరే ఉందిగా. నువ్వు వంత పాడు. ఇద్దరం పాడినట్టుంటుంది."

ఆ మాటకి కాదనగలిగే రాయి ఎక్కడుంటుంది? పాట మొదలైంది. *ఎవరే ఎవరే వాకిట్లో అలికిడి?* చిన్నామె నోరు తెరిచేసరికి వంత దాటిపోయింది. రెండో చరణానికి జాగ్రత్తగా కాచుకుని కూర్చుంది. ఈసారి ముందే పడింది. మూడో చరణానికి సగం మాట పాడి మింగేసింది.

పెద్దామె పాట ఆపింది. "ఏమిటే నీ తంటా? నిద్రపోతున్నావా? నిద్రలో లేపినా పాడేదానివి!"

"అందట్లేదక్కా."

"ఎందుకు అందదు?"

చిన్నామె కిటికీలోంచి చూసింది. ఎండ ఎదురింటి పిట్టగోడ దిగిపోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"ఇది బాగోలేదక్కా."

పెద్దామె సరిగ్గా వినపడనట్టు చూసింది. "నిన్న బాగుందన్నావు."

"అబద్ధం చెప్పాను. ఆ ఇంజనీరుకీ చెప్పాను, నీకూ చెప్పాను. బాగోలేదు. ఊపిరి లేదు అందులో."

"ఊపిరి కాదే, బుస!" పెద్దామె కళ్లు ఎర్రబడ్డాయి. గొంతుంటే వీధి చివరకి వినపడేది. "పోయిందని నేను సంతోషిస్తుంటే నీకేం వచ్చింది? నవ్వుకోవడానికి మిగల్లేదనా? ఆ రోజు అందరూ తలొంచుకుంటే నవ్వింది నువ్వు కాదూ?"

"నవ్వాను. బుసకి నవ్వలేదక్కా. ఆయన కాటెయ్యడానికా అనగానే నువ్వు ఆయన వైపు నిజంగానే పడగ విప్పినట్టు చూశావు. ఇప్పుడు వేస్తుందిరా దేవుడా అని భయంతో నవ్వొచ్చింది."

పెద్దామె పెదవి అదిరింది. కోపమో, ఇంకోటో తెలియలేదు.

చిన్నామె ఇంక ఆగలేదు. ఇన్నేళ్లు ఆఁ కింద తొక్కిపెట్టిన మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "నాకు తాళం తెలీదక్కా. శ్రుతి ఎట్లా పట్టాలో ఎవరూ నేర్పలేదు. నువ్వు ఊపిరి తీస్తే నేను అందుకునేదాన్ని, అంతే. అది లేకపోతే నాకు పాట రాదు. నీ పాట ఉంచారు, నా వంత ఉంచారు, నేను దేన్ని పట్టుకుని పాడానో దాన్ని తీసేశారు. నీకిప్పుడున్నది కూడా ఆ ఊపిరే కదక్కా. దాన్ని చెత్త అని తీసేస్తే నేను ఆఁ అని వచ్చాను. నాకు రాత్రంతా నిద్ర లేదు."

వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దామె ఓదార్చలేదు. మొహం గోడ వైపు తిప్పుకుంది. ఏడుపు తగ్గేసరికి చిన్నామెకి మళ్లీ భయం పట్టుకుంది. అయిపోయింది, తలుపుకి మేకులు కొట్టిస్తుంది, అనుకుంది.

పెద్దామె కుర్చీ దగ్గరికి లాక్కుంది. చిన్నామె చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకుని, పైన తన చెయ్యి వేసింది, తిరగలి పిడి మీద వేసినట్టు. పళ్ల సందులోంచి గాలి లోపలికి పీల్చింది.

స్‌స్‌స్.

పెద్దామె పెదవులు మొదటి మాటని గుసగుసగా పలికాయి. రాగం లేదు, ఉత్త ఊపిరి. అయినా చిన్నామె గొంతు తనంతట తనే లేచింది. *గాలే వదినా గాలే, గడియ తీయకు.* పడవలసిన చోట పడింది. గాజుల చరణం అయింది, దగ్గు చరణం అయింది, తట్టుడు చరణం అయింది. ప్రతి చరణానికీ ముందు ఆ ఊపిరి, ప్రతి ఊపిరి వెనకా ఆ వంత, ఒక్కటీ తప్పలేదు. చివరి చరణానికి పెద్దామెకి ఆయాసం వచ్చింది. అయినా ఆపలేదు.

*పేరు పెట్టి పిలిచింది, అదీ గాలేనా?*
*గాలికి నా పేరెట్లా తెలుసు? తీయి వదినా, తీయి.*

పెద్దామె కిటికీ వైపు చూసి, చప్పున లేచి ఫోను అందుకుంది. ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆమె ఫోను ముట్టుకోలేదు. అవతలివాళ్లు హలో హలో అని పెట్టేస్తుంటే ఆమెకి తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు డిస్కు కవరు మీదున్న నంబరు తనే నొక్కింది. అటునుంచి షట్టర్ గరగరమని దిగుతున్న చప్పుడు వినపడింది.

"హలో?" అన్నాడు ఇంజనీరు.

పెద్దామె ఫోను నోటికి ఆనించుకుని గుసగుసగా చెప్పింది.

"హలో? ఎవరండీ? ఏమీ వినపడట్లేదు. ఉత్త గాలి వస్తోంది."

పెద్దామె మెడ నరాలు తేలేలా మళ్లీ చెప్పింది. అతను పెట్టేసేలా ఉన్నాడు. ఆమె ఫోను తోడికోడలి వైపు చాచింది. చిన్నామె అందుకుంది.

ముందు ఎవరూ ఎత్తుకోలేదు. అయినా చిన్నామె అంది:

"గాలి కాదు బాబూ. మా అక్క. పాటల్లోంచి నువ్వు తీసేసిన ఊపిరి మళ్లీ పెట్టమంటోంది. అన్నిట్లోనూ."

అవతల షట్టర్ చప్పుడు ఆగింది. "అసలు టేపుల కాపీ ఉందమ్మా, పెట్టొచ్చు. అచ్చుకి ఒకరోజు ఆలస్యంగా పంపుతాను. కానీ మళ్లీ మాట మార్చకూడదు. నిన్న మీరే కదా బాగుందన్నారు?"

"బాగోలేదు," అంది చిన్నామె.

పక్కనుంచి పెద్దామె గుసగుసగా అందుకుంది.

"ఆఁ, బాగోలేదు."